అదనపు సామాను

నమోదు 1

సముద్ర విహారాన్ని రద్దు చేసుకోదలచిన ప్రతి దావాదారూ తన ఇబ్బందిని దినచర్య రూపంలో, ఉత్తమ పురుషలో, శిష్ట భాషలో, ఉద్వేగరహితంగా రాసి ఉంచాలని విహార బీమా నియమావళి ఆదేశిస్తోంది. ఉద్వేగం తప్పని చోట ఆ మాటను కుండలీకరణాల్లో పెట్టి ముందుకు సాగవచ్చునట. ఆ వెసులుబాటుకు కృతజ్ఞతలు తెలుపుతూ ఈ రాత మొదలుపెడుతున్నాను.

నా పేరు మందాకిని. ఎగువపట్నం విశ్వవిద్యాలయంలో పూర్వ భూగోళశాస్త్రం బోధిస్తాను. అంటే, ఇప్పుడు సముద్రం అడుగున ఉన్న ఊళ్ళ పేర్లను ఒకప్పటి వరుసలో విద్యార్థుల చేత వల్లె వేయిస్తాను. వాళ్ళు అంతర్వేది దాటకముందే నిద్రపోతారు. ఈ బోధనకు ప్రభుత్వం నన్ను రెండుసార్లు సత్కరించింది.

మా వాటాలో ముందు గది, వెనక గది, వంటిల్లు, మంచు వల కట్టుకోవడానికి ఒక వసారా ఉన్నాయి. నేను, నా భర్త యోగానందం, అత్తగారు సీతారత్నం అందులో ఉంటాం. తెల్లవారగానే వలకు పట్టిన మంచును పిండి బిందెలోకి దింపడం నా పని. ఈ ఉదయం ఆ పనిలో ఉండగానే కబురు వచ్చింది. మాకు విహారం వంతు వచ్చిందట. ‘సుఖతరణి’ నౌకలో ఆరు నెలలు, మునిగిన తీరం వెంబడి. ఓడ అడుగున అద్దాలు ఉంటాయి కనుక ఎవరి పాత ఇంటి పైకప్పును వారు చూసి ఆనందించవచ్చు.

వీధంతా వచ్చి అభినందించింది. ఎదురింటివారు గుడ్డపూల దండ వేశారు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు మేము వేసిన దండే అది. ఉతికి వేశారు, అంతవరకు మర్యాద.

విహారం పూర్తిగా ఉచితం. అయితే మనిషికి ఒకే చిరునామా ఉండాలన్నది చట్టం. మేము ఓడ ఎక్కగానే మా చిరునామా ఓడకు మారుతుంది, ఓడ దిగిన కుటుంబం మా గదుల్లో దిగుతుంది. మేము తిరిగి వచ్చాక ఎక్కడ చోటు ఖాళీ అయితే అక్కడ సర్దుకోవాలి, ఖాళీ అయితే. కొండ మీద చోటు చాలక నగరంలో మూడో వంతు జనాన్ని ఎల్లవేళలా నీళ్ళ మీద తిప్పుతూ ఉండటాన్ని మరో దేశంలో ఏమంటారో నాకు తెలియదు. మనం విహారం అంటున్నాం. పేర్లు పెట్టడంలో మన ప్రభుత్వానికి సాటి లేదు.

నాకు నాలుగో నెల. ఓడ బయలుదేరే వేళకు ఆరో నెల నడుస్తుంటుంది. ఓడలో పుట్టిన బిడ్డ ఓడకు చెందుతుంది. ఆ బిడ్డకు నేల మీద చిరునామా ఉండదు. తల్లిదండ్రులు దిగిన రోజున బిడ్డ దిగదు.

కాబట్టి విహారం రద్దు కావాలి, మా గదులు మాకు వాపసు కావాలి. ఇదే నా దావా. (ఉద్వేగం.)

నమోదు 2

పరిహార కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి భాషాధికారి శేషఫణి గారు ఒకప్పుడు మా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులు. తెలుగు శాఖను బీమా శాఖలో విలీనం చేసినప్పుడు కుర్చీతో సహా ఇటు వచ్చేశారు. ఆయన తన యౌవనమంతా ధారపోసి నిర్మిస్తున్న మహా నిఘంటువు ప్రస్తుతం ‘ఆ’ అక్షరం మధ్యలో ఉంది.

“రండి మందాకిని గారూ, విహారం వచ్చిందటగా! అభినందనలు.”

“రద్దు చేయించుకోవడానికి వచ్చానండి.”

“అదేమిటి! జనం ఎగబడుతుంటే?”

“ఎవరండీ ఎగబడుతున్నది?”

“అలా అడక్కూడదు. ఎగబడుతున్నారని సర్క్యులర్ ఉంది.”

బీమా వర్తించే కారణాలను ఆయన కళ్ళు మూసుకుని చదివారు. తుఫాను. తిమింగలం. సిద్ధాంతిగారి లిఖితపూర్వక అభ్యంతరం. నౌక మునక, అయితే దరఖాస్తు మునక పూర్తయిన తరువాతే చేయాలి. జీవిత భాగస్వామి మరణం, ఒక్కసారికి మాత్రమే. వాటిలో గర్భం లేదు.

“ఇది ప్రమాదాల పట్టిక కదండీ. గర్భాన్ని మీరు ప్రమాదం అంటున్నారా? ఆలోచించి చెప్పండి, నమోదవుతుంది.”

“ప్రయాణానికి అడ్డంకి అంటున్నాను.”

“ఆరో నెల నిండేదాకా అడ్డంకి కాదు. నిండితే ఎక్కనివ్వరు. నిండకముందు ఎక్కినవాళ్ళను దించరు. ఎంత స్పష్టంగా ఉందో చూడండి.”

“నొప్పులొస్తే ఓడలో డాక్టరున్నారా?”

“దంతవైద్యులున్నారు. చాలా మంచివారు.”

చివరికి ఒక దారి చూపించారు. ‘కుటుంబ విశేషం’ అనే పద్దు కింద ఇంట్లోని పెద్ద ముత్తైదువో, పెద్దావిడో స్వయంగా వచ్చి శ్రవణి ఎదుట నోటిమాటగా వాఙ్మూలం ఇవ్వాలి. శ్రవణి అనేది వినే యంత్రం. విన్నదాన్ని శిష్ట భాషలో రాస్తుంది. అది రాసిందే చట్టమని, అంతేకాక అది రాసిందే తెలుగని, శేషఫణి గారి అధ్యక్షతన ఒక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సంఘంలో ఆయన ఒక్కరే ఉండటం వల్ల ఏకగ్రీవం సులువైంది.

నమోదు 3

అత్తగారిని తీసుకుని వెళ్ళాను. ఆవిడ పుట్టింటి ఊరు రాజోలు దగ్గర ఎక్కడో నీళ్ళలో ఉంది, మాట మాత్రం ఇంకా తడవలేదు. దిష్టి తగులుతుందని పరాయివాళ్ళ ముందు ‘గర్భం’, ‘కడుపు’ లాంటి మాటలు ఆవిడ నోట రావు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. శ్రవణికి తెలియదన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. రెండు పట్టాలు తీసుకున్న మనిషిని, ఇలాంటివి తట్టవు.

వాఙ్మూలం ఇచ్చేవారు తప్ప మరొకరు నోరు విప్పితే దావా రద్దవుతుంది. నన్ను పసుపు గీత ఇవతల నిలబెట్టారు. అక్కడి నుంచి విన్నది విన్నట్టు రాస్తున్నాను.

“వాఙ్మూలం ప్రారంభించవచ్చును,” అంది శ్రవణి.

“ఆయ్. ఏం లేదమ్మా, మా కోడలు నీళ్ళోసుకుందండి.”

“ఎన్ని నీళ్ళు?”

అత్తగారు వెనక్కి తిరిగి నావైపు చూశారు. నేను చేత్తో సైగ చేయబోతే కాపలావాడు కర్ర ఎత్తాడు.

“ఎన్నేంటమ్మా?”

“బిందెలలో తెలపండి.”

“బిందెలేంటే నీ మొహం! నెల తప్పిందంటన్నాను.”

“ఏ నెలకు బదులుగా ఏ నెల?”

“ఓరి నాయనో! అది ఒట్టి మనిషి కాదే తల్లీ!”

“ప్రయాణికురాలు ఒట్టి మనిషి కాదు. అదనంగా ఏమి కలిగి ఉన్నది?”

అత్తగారు గొంతు తగ్గించి, దాదాపు గుసగుసగా, “నలుసమ్మా, నలుసు,” అన్నారు.

“నలుసు. చిన్న పరిమాణం. అదనపు సామానుగా నమోదు చేయబడినది. వాఙ్మూలం ముగిసినది. శుభ విహారం.”

బయటికి వచ్చాక అత్తగారు అడిగారు. “ఏమందే అది?”

“సామాను అందండి, అత్తయ్యగారూ.”

“నా మనవడినా? దాని నోట్లో మన్ను పడ!”

మనవడో మనవరాలో ఇంకా తెలియదు. ఆ తప్పును మాత్రం శ్రవణి చేయలేదు, దాని ఖాతాలో అంతవరకు న్యాయంగా రాయాలి.

నమోదు 4

ఫలితాలు వెలువడ్డాయి. గృహిణి తన మీద నీళ్ళు పోసుకున్నట్టు అంగీకరించినందున, నీటి దుర్వినియోగం కింద మా మంచు వలలో సగం కత్తిరించి తీసుకుపోయారు. పాత ఉత్తర్వులో నెల తప్పు పడినట్టు కుటుంబ పెద్ద ఎత్తి చూపినందున, తప్పు సవరించి మా ప్రయాణాన్ని ఒక నెల వెనక్కి జరిపారు. మూడోది, నా కడుపులోని బిడ్డను ‘అదనపు సామాను, ఒకటి’ అని ఓడ జాబితాలో చేర్చారు.

శేషఫణి గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఆయన కాగితం చూసి, విద్వాంసుడికి తగిన చిరునవ్వు నవ్వారు.

“నీళ్ళోసుకోవడం మాండలికం కదండీ. మీరు శిష్ట భాషలో గర్భవతి కావలసింది.”

“మా అత్తగారి భాషలో అయ్యాను. ఇప్పుడేం చేయాలి?”

“నిఘంటువులో చేరగానే యంత్రం దానంతటదే గుర్తిస్తుంది.”

“ఎప్పుడు చేరుతుంది?”

“‘న’ కదండీ,” అన్నారు ఆయన జాలిగా.

“మీరే ఒక మాట రాసి దిద్దవచ్చుగా?”

“శ్రవణి తప్పు చేయదని సంతకం పెట్టింది నేనే. ఇప్పుడు తప్పు చేసిందని రాస్తే ఎవరి తప్పని అడుగుతారు. అడగరంటారా? అడుగుతారు. మా కార్యాలయంలో వేరే పని లేదు.”

జీవితంలో ఒక మనిషి చెప్పిన పూర్తి నిజం ఇంత నీచంగా వినిపించడం నాకు అదే మొదలు. ఇంటికి వచ్చి, మిగిలిన సగం వలను పిండాను. చెంబుడు నీళ్ళు వచ్చాయి. యోగానందం అవి తాగకుండా నాకే ఇచ్చి, తనకు దాహం లేదని అబద్ధం చెప్పి, ఆ తరువాత చాలాసేపు దగ్గాడు.

నమోదు 5

ఓడరేవు. ప్రయాణికులకు తప్పనిసరి వైద్య పరీక్ష. నెల వెనక్కి జరిగిన పుణ్యాన నాకు ఆరు నిండాయి. డాక్టరు గారు తలెత్తకుండానే నన్ను తిరస్కరించారు. కుటుంబానికంతటికీ విహారం నిలుపుదల. దండలు వేసినవారు దండలు తీసుకున్నారు. యోగానందం అక్కడే రేవులో గంతు వేయబోయి, చుట్టూ ఉన్నవాళ్ళను చూసి, గంతును దగ్గుగా మార్చుకున్నాడు.

సాయంత్రానికి రెండో కాగితం వచ్చింది.

‘ప్రయాణికురాలి విహారం నిలిపివేయబడినది. అయితే సామానుకు వైద్య కారణములు వర్తించవు. సామానును యథావిధిగా నౌకకు చేర్చవలెను. నౌకకు చేరిన సామాను నౌక అధీనమున ఉండును. సామాను దస్త్రం ముగిసిన పిమ్మట మాత్రమే గదుల వాపసు పరిశీలించబడును.’

“పోనీలే మందూ, సగం గెలిచాం కదా,” అన్నాడు యోగానందం.

“ఏ సగం?”

కాగితాన్ని మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. మంచివాడు. మంచివాళ్ళకు ఈ నగరంలో చేతులతో ఇంతకు మించి చేయడానికేమీ ఉండదు.

నమోదు 6

సామాను తూచడానికి ఓడ తరఫున రేవు నుంచి మనిషి వచ్చింది. పేరు పైడితల్లి. భుజాన వేలాడే కాటా, చేతిలో తాడు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, గదంతా కలయచూసింది.

“ఏటమ్మా, సామానెక్కడెట్టేసినారు?”

“ఎదురుగానే ఉందిగా,” అన్నారు అత్తగారు.

“ఏదీ?”

“అదిగో, కుర్చీలో కూచుని నిన్నే చూత్తంది.”

పైడితల్లి నా మొహం చూసింది, ఆ తరువాత కిందికి చూసింది. కాటా నేల మీద పెట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఓలమ్మో! సామానంటే ఇదా! మావోళ్ళకి బుర్రున్నాదా నేదా?”

“ఆ ప్రశ్న మీద నేనొక గ్రంథమే రాయగలను,” అన్నాను.

“మరిప్పుడేటి సెయ్యాల? తూచకుండా ఎల్తే నా కూడు పోద్ది.”

యోగానందం ఒక మార్గం సూచించాడు. ముందు నన్ను తూచి, నా బరువెంతో నన్నే అడిగి, అందులోంచి తీసివేయాలట. అత్తగారు ఆయన్ని మంచు వల దగ్గరికి పంపించారు.

చివరికి పైడితల్లి తన ఫారంలో ‘సామాను యజమాని నుంచి ఊడలేదు’ అని రాసుకుంది. పక్క గడిలో ‘ఎప్పుడు ఊడును’ అని ఉంది. కలం పట్టుకుని ఆలోచించింది.

“ఏటి రాయమన్నారు?”

“దాని టైమొచ్చినప్పుడు అదే వత్తాది,” అన్నారు అత్తగారు.

అది రాసుకుని పైడితల్లి లేచింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఈసారి గొంతులో నవ్వు లేదు.

“అమ్మా, నానిక్కడ అనకూడదు గానీ. ఊడిన రోజునే పట్టుకు రమ్మని బుట్ట ఇచ్చేసినారు నాకు. పడవ తయారుగా ఉంటాది. మీరు కబురెట్టకపోయినా పురుడోసిన డాక్టరమ్మ పెడతాది.”

“బుట్టా?”

“మూతున్న బుట్టమ్మా. కన్నాలున్నాయిలే.”

(ఉద్వేగం.)

నమోదు 7

ఓడ దిగిన కుటుంబం వచ్చింది. మా గదులు వారివే, కానీ మా దస్త్రం ముగియలేదు కనుక పూర్తిగా వారివి కావు. తాత్కాలికంగా ముందు గదిని వారికిచ్చి, వెనక గదిలో మమ్మల్ని ఉంచారు. వంటిల్లు ఉమ్మడి. ప్రభుత్వం దీన్ని ‘ద్విగుణీకృత నివాస సౌఖ్యం’ అంది.

ఆవిడ పేరు భ్రమరాంబ. భర్త మాట్లాడడు, నేల కదలడం లేదని రోజంతా గోడ పట్టుకుని నడుస్తాడు. మొదటి రోజున మేమిద్దరం పొయ్యి దగ్గర మర్యాదలు పంచుకున్నాం, రెండో రోజున ఉప్పు, మూడో రోజున సంగతులు.

“ఓడ ఎలా ఉండేదండీ?” అన్నాను.

“బాగుంటదండి. రోజూ పాటలు పెడతారు. ఆపరు.”

“పిల్లలు?”

“ఒకత్తే అండి. నీలవేణి. అక్కడే పుట్టింది.” పప్పు కలుపుతున్న గరిటె ఆపలేదు. “ఓడ పిల్ల కదండీ, దింపలేదు. ఆరేళ్ళు దాటలేదింకా.”

“ఆరు నెలలకని పంపి ఆరేళ్ళుంచారా?”

“మేం దిగాల్సిన రోజున దాని పుట్టుక కాగితం రాలేదండి. పిల్లతోపాటే దిగుదామని ఆగాం. ఆగినోళ్ళ వంతు మళ్ళీ మొదట్నుంచి లెక్కెడతారంట. అలా ఆగీ ఆగీ… ఈసారి ఆయనకి బాగోలేదు, దిగిపొమ్మన్నారు.”

“పాపను ఎవరు చూస్తారు?”

“బాగానే చూత్తారండి. అద్దాలు తుడవడం నేర్పారు. అడుగున అద్దాలుంటాయి కదా, పాకుడు పట్టేత్తది. చిన్న చేతులైతే మూలల్లోకి వెళ్తాయని పిల్లల చేతే తుడిపిత్తారు.” గరిటె ఆగింది. “మా రాజోలు గోపురం మీదుగా వెళ్ళినప్పుడు అందరూ దండం పెట్టుకుంటారు కదండీ, అప్పుడు అద్దం తళతళలాడాలంట.”

నేను చదివి బోధించే ఊళ్ళను జనం ఏ చేతులు తుడిచిన అద్దాల్లోంచి చూస్తున్నారో నాకు ఈ రోజే తెలిసింది. నా పాఠ్యప్రణాళికలో ఈ అంశం లేదు. నియమావళి ఇచ్చిన కుండలీకరణాలు ఇక్కడ సరిపోవు కనుక వాడటం లేదు.

నమోదు 8

తెల్లవారుజామున నొప్పులు. డాక్టరును పిలవలేదు. పిలిస్తే బుట్ట కూడా వస్తుంది. అత్తగారు, భ్రమరాంబ కలిసి వెనక గది తలుపు వేశారు. యోగానందానికి నీళ్ళు కాచే పని అప్పగించారు. కాచడానికి నీళ్ళెక్కడున్నాయో అతనికే తెలియాలి. ఎవరెవరి వలలు పిండుకొచ్చాడో, బిందె నిండా తెచ్చాడు. నా భర్త దొంగతనం చేయడం ఇదే మొదటిసారి, ఎంతో పద్ధతిగా చేశాడు.

పొద్దెక్కేసరికి ఆడపిల్ల పుట్టింది. ఏడిచింది. గోడ పట్టుకుని తిరిగే ఆయన ఆ ఏడుపు విని, గోడ వదిలి, వసారా దాకా నడిచాడట.

అందరం పిల్ల దగ్గరే ఉన్నాం. అత్తగారు లేరన్న సంగతి ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి ఆవిడ తిరిగి వచ్చేశారు, చేతిలో బెల్లం ముక్కతో, మొహమంతా వెలుగుతో.

“ఎక్కడికెళ్ళారండీ?”

“ఎక్కడికేంటే! పురుడొచ్చాక పెద్దాళ్ళకి చెప్పుకోవద్దా? మీ శేషఫణి లేడంట. ఆ మిషనుకే చెప్పొచ్చాను.”

భ్రమరాంబ పిల్లను ఎత్తి గుండెకు అదిమి పెట్టుకుని తలుపు గడియ వేసింది.

“ఏం చెప్పావే అమ్మా?” అన్నాడు యోగానందం.

“ఉన్నదే చెప్పాను. దానికి మన మాటలు తెలీవు కదా, అందరూ అంటున్న మాటే అన్నాను. మా కోడలికి డెలివరీ అయిందమ్మా అన్నాను.”

“అప్పుడు?”

“డెలివరీ అయినదా, ఏ చిరునామాకు, అంది. ఇంటికాడేనమ్మా, మా వెనక గదిలో అన్నాను. సామాను చెక్కుచెదరకుండా అందినదా అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా పురుటి రోజున ఎందుకులే తిట్టడమని, బంగారంలా ఉంది తల్లీ అనేసి వచ్చాను.”

ముందు గది తలుపు ఎవరో కొట్టారు. పైడితల్లి. బుట్ట తేలేదు. కాగితం తెచ్చింది, నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుంది.

‘అదనపు సామాను (ఒకటి, విలువైనది) యజమాని గృహమునకు డెలివరీ అయినది. దస్త్రం ముగించబడినది. డెలివరీ అయిన సామానును నౌక తిరిగి కోరరాదు. సామాను చేరిన చిరునామాయే యజమాని చిరునామా.’

అత్తగారు వెనక గది అని మాత్రమే చెప్పినందున వెనక గది, వంటిల్లు మాకు వాపసు వచ్చాయి. ముందు గదిని ఆవిడ ప్రస్తావించనందున అది భ్రమరాంబ దంపతులకే ఉండిపోయింది. గృహ వసతి విషయంలో ఈ నగరం ఇంతకంటే తెలివైన నిర్ణయం తీసుకున్న ఆధారాలు లేవు.

నమోదు 9

దావా ముగిసింది కనుక దినచర్య సమర్పించనక్కర్లేదట. సమర్పించినవి ఎవరూ చదవలేదని కౌంటరులో ఉన్నవారు ధైర్యం చెప్పారు. కాబట్టి ఇది నాకోసం రాసుకుంటున్నాను.

అందిన సామానుకు రసీదు ఇవ్వాలని కబురు వస్తే పిల్లను తీసుకుని కార్యాలయానికి వెళ్ళాను. పిల్లను పట్టుకోవడానికి భ్రమరాంబ వెంట వచ్చింది. శేషఫణి గారు ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళారు. ఇంత మర్యాద చేశారంటే ఏదో ప్రమాదం ఉందన్నమాట.

“మందాకిని గారూ, శుభవార్త. మీ కేసు నన్ను కలచివేసింది. అక్షరక్రమాన్ని ఉల్లంఘించి, ‘నీళ్ళోసుకొను’ను ప్రత్యేక అనుబంధంలో చేర్చాను. ఇక దిద్దవచ్చు. ఒక్క సంతకం పెట్టండి, మీ అమ్మాయి మనిషి అయిపోతుంది.”

“అయితే ఏమవుతుంది?”

“గౌరవం కదండీ!”

“ఆ తరువాత?”

“మనిషికి చిరునామా కేటాయించాలి. ఖాళీ లేదు కనుక… వంతు వచ్చేదాకా సుఖతరణిలో, నౌకాబాలల విభాగంలో…” ఆయన కాగితాలు సర్దారు. “కానీ మనిషిగా ఉంటుంది.”

ఐదు నెలలు ఈ మనిషి చుట్టూ తిరిగాను, నా బిడ్డ సామాను కాదు అని ఒక్క వాక్యం రాయించుకోవడానికి. విశ్వవిద్యాలయంలో అయితే దాన్ని సిద్ధాంతం కోసం పోరాటం అంటారు. ఇప్పుడు ఆ వాక్యం బల్ల మీద ఉంది, శిష్ట భాషలో, అచ్చుతప్పులు లేకుండా. నేను రసీదు లాక్కుని, ‘సామాను అందినది’ అన్న చోట సంతకం పెట్టాను.

“మీలాంటి చదువుకున్నవారు…” అన్నారు శేషఫణి గారు.

“చదువుకున్నాను కనుకనే సంతకం అంత చక్కగా వచ్చింది.”

రసీదులో ‘వస్తువు పేరు’ అనే గడి ఖాళీగా ఉంది. అత్తగారు రాత్రి నిర్ణయించిన పేరు రాశాను. హైమావతి.

పిల్లను అందుకుందామని తిరిగి చూస్తే భ్రమరాంబ నా వెనక లేదు. అదే గదిలో శ్రవణి ఎదుట, పసుపు గీత అవతల, నా కూతురిని ఒక చేత్తో గుండెకు ఆనించుకుని నిలబడి ఉంది.

“వాఙ్మూలం ప్రారంభించవచ్చును.”

“మేము ఓడ దిగేటప్పుడు…” పిల్లను భుజం మీదికి సర్దుకుంది. “మా సామాను ఒకటి ఓడలోనే ఉండిపోయిందండి.”

శేషఫణి గారు కుర్చీలోంచి సగం లేచారు. నేను వెళ్ళి ఆయనకూ ఆ గీతకూ మధ్య నిలబడ్డాను. గదిలో ఎవరు నోరు విప్పినా వాఙ్మూలం రద్దవుతుందన్న నియమం ఆయనదే. అయితే ఆయన నోరు విప్పినా రద్దయ్యేది మాదే. ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాను. ఆయన నా మొహంలో ఏం చూశారో నాకు తెలియదు. మెల్లగా కూర్చుని, కిటికీలోంచి కొండవైపు చూడసాగారు.

“సామాను వివరం?”

“ఒకటేనండి. గులాబీ రంగు గౌనులో ఉంటది.”

“తొడుగు గులాబీ రంగు. ఎత్తు?”

భ్రమరాంబ ఖాళీగా ఉన్న చేతిని తన నడుం దగ్గర పెట్టింది. యంత్రానికి కళ్ళు లేవన్న సంగతి మరిచిపోయింది. అక్కడే ఉంచి, ఒక క్షణం ఆలోచించి, చేతిని కొంచెం పైకి జరిపింది.

“నేను దిగినప్పుడు నా నడుం దాకా ఉండేదండి. ఇప్పుడు ఇంకాస్త పెరిగుంటది.”

నా కూతురు భ్రమరాంబ మెడలోని నల్లపూసలను గుప్పిట బిగించి పట్టుకుంది.

“సామాను పెరుగును,” అంది శ్రవణి. “నమోదు చేయబడినది. ఏ చిరునామాకు డెలివరీ చేయవలెను?”